మేట్రనమ్మగారికి గుర్తులేదు

మా నాన్నగారు ఫోనులో మాట్లాడినా చర్చిలో ప్రసంగించినట్టే ఉంటుంది. ముందు దేవునికి స్తోత్రం, తరువాత క్షేమసమాచారం, ఆ తరువాత విషయం, చివర ముగింపు ప్రార్థనలాంటి నాలుగు మాటలు. అలాంటి మనిషి మొన్న పొద్దున్నే రాజమండ్రికి ఫోను చేసి, "మేట్రనమ్మగారు పోయారే. నువ్వొస్తే..." అని వాక్యం పూర్తి చేయకుండానే పెట్టేశారు. పొయ్యి మీద పాలు దించేసి, నేను పాఠాలు చెప్పే స్కూలుకు సెలవు చెప్పి, బస్సెక్కాను.

సిద్ధాంతం వంతెన దాటి పెనుగొండ చేరేదాకా ఆవిడ ముఖం గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ముఖం రాలేదు. చేతిగుడ్డ వచ్చింది.

నరసాపురం వెళ్ళే దారిలో కాలువ గట్టున మా ఊరి మిషన్ కాంపౌండు ఉంది. ఒక చర్చి, ఒక హైస్కూలు, దూరపు ఊళ్ళ ఆడపిల్లల కోసం ఒక బోర్డింగు. ఒకప్పుడు మగపిల్లల బోర్డింగు కూడా ఉండేది. నాన్నగారు అందులో ఉండే చదువుకుని, చివరికి అదే హైస్కూలుకు హెడ్మాస్టరై వచ్చారు. చర్చిలో సంఘపెద్ద, బోర్డింగు కమిటీకి అధ్యక్షుడు కూడా ఆయనే. అంటే ఆ ప్రహరీ లోపల దేవుడి తరువాత ఆయనే. ఒక్కోసారి ఆ వరస మీద కూడా మాకు అనుమానం వచ్చేది.

బోర్డింగులో ఆడపిల్లలను చూసుకునే మేట్రన్ ఆవిడ. పెళ్ళయిన ఏడాదికే భర్త పోతే, వంటింట్లో సాయానికని కాంపౌండులోకి వచ్చి అక్కడే ఉండిపోయారట. నాన్నగారి కంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. ఆవిడకూ ఒక పేరుంది. సమాధి రాయి మీద ఎలాగూ చెక్కిస్తారు కనుక ఇక్కడ రాయడం లేదు. మాకెవరికీ ఆ పేరుతో ఎప్పుడూ పనిపడలేదు.

సన్న నీలం అంచు తెల్లచీర కట్టేవారు. మిగతా మేట్రన్లకు బొడ్లో తాళాల గుత్తి ఉంటుంది. ఈవిడకు ఆ చోట మడతపెట్టిన చేతిగుడ్డ ఉండేది. పిల్ల ఎదురైతే ముందు మూతి చూసేవారు. మూతి మూలల్లో ఏదో ఒకటి అంటుకునే ఉండేది, పచ్చడో పాలో పుల్లఐసో. గుడ్డ తీసి తుడిచి, అప్పుడు మాట మొదలుపెట్టేవారు. పదో తరగతి చదివే పెద్దపిల్లలకు కూడా ఇది తప్పేది కాదు. ఒకసారి స్కూలు తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరుగారి మూతికి ఉప్మా రవ్వ అంటుకుని ఉంటే, ఆవిడ చెయ్యి బొడ్లోకి వెళ్ళిపోయింది. నాన్నగారు గట్టిగా దగ్గి ఆపారు.

చర్చిలో పాట ఎత్తుకుంటే హార్మోనియం ఒక దారి, ఆవిడ ఒక దారి. ప్రసంగం మొదలవగానే కునుకు తీసేవారు, దీవెన మాటలకు సరిగ్గా లేచేవారు. "వాక్యం వినరా అమ్మగారూ?" అని ఎవరైనా వేళాకోళం చేస్తే, "వంటలో పడి వినే టైము దొరకదని ఎప్పుడో పెద్దలచేత చెప్పించుకుని కంఠతా పట్టేశానండి, ఇప్పుడు నెమరేసుకుంటన్నాను" అనేవారు.

ఆవిడ జ్ఞాపకశక్తి మామూలుది కాదు. ఎవరికి వంకాయ పడదో, ఎవరు ఉరుములకు భయపడతారో, ఎవరి చెల్లెలికి ఏ నెలలో ఆటలమ్మ పోసిందో అన్నీ చెప్పేవారు. బోర్డింగు వదిలి వెళ్ళిపోయిన పిల్ల చాలాకాలానికి చంటిబిడ్డతో వస్తే, "మీ అత్తగారి మోకాలి నొప్పి తగ్గిందేంటమ్మా?" అని అడిగేవారు. ఒక్క సంగతిలో మాత్రం ఆవిడ బుర్ర పనిచేసేది కాదు.

"మేట్రనమ్మగారూ, ఇది మొన్న నా సబ్బు వాడేసిందండి."

"మొన్నటి సంగతి నాకు గుర్తులేదమ్మా. ఇవాళ సంగతేంటో చెప్పు."

"మొన్న మీరే చూశారు కదండీ!"

"చూశానా? గుర్తులేదే."

అలాగని మెత్తనిమనిషి కాదు. ఏ రోజు తగువు ఆ రోజే తేల్చేసేవారు. సబ్బు వాడిన పిల్లచేతే ఆ పూట రెండోపిల్ల బట్టలు ఉతికించి, ఇద్దరినీ ఒకే కంచం ముందు కూర్చోబెట్టేవారు. తేలిపోయాక మాత్రం ఆ సంగతి ఆవిడ దగ్గర దొరికేది కాదు.

స్టోరుగదికి తాళం వేసేవారు కాదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా పిల్లలు కొందరు మధ్యాహ్నాలు దూరి బెల్లం బుట్ట ఖాళీ చేసేశారు. (సాయంత్రం చదువులకు నేనూ బోర్డింగుకే పోయేదాన్ని. ఇంట్లో నాన్నగారు ఉండేవారు మరి.) మేట్రనమ్మగారు ఎవరినీ ఏమీ అడగలేదు. ఆదివారం ఎప్పటిలాగే పరమాన్నం వండించారు. బెల్లం లేని పరమాన్నం. అందరికంటే ముందు తనే ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "చప్పగా ఉంది కదమ్మా" అన్నారు. తిన్నవాళ్ళూ తిననివాళ్ళూ తలలు వంచుకుని ఆ చప్పటి పాయసం మింగారు. మళ్ళీ బెల్లం వచ్చింది, తాళం మాత్రం రాలేదు, బుట్ట ఖాళీ కాలేదు.

ఇదంతా నాన్నగారికి గిట్టేది కాదు. ఆయన భోజనాల హాల్లో ఒక పెద్ద చెక్క బోర్డు పెట్టించారు. నల్లరంగు మీద తెల్లని అక్షరాలతో పైన పది ఆజ్ఞలు, కింద బోర్డింగు నియమాలు. నియమాలు ఆజ్ఞల కంటే ఎక్కువ ఉండేవి. మేట్రనమ్మగారు ఆ బోర్డు మేకులకు ఉల్లిపాయల జడలు తగిలించారు.

"ఏంటండీ ఇది?" అన్నారు నాన్నగారు ఒకరోజు వచ్చి.

"ఉల్లిపాయలండి. ఈ గోడకే గాలి బాగా తగులుద్ది."

"ఆజ్ఞలు కనిపించడం లేదు."

"పిల్లలకి నోటికొచ్చేసినయ్యండి. ఉల్లిపాయలైతే కుళ్ళిపోతాయి కదండీ మరి."

నాన్నగారు ఇలాంటి మాటలకు జవాబు ఇంటికొచ్చాక వెతుక్కునేవారు, మా మీద వాడేవారు. మా ఇంట్లో అందరూ తరచు వినే మాట "నాకన్నీ గుర్తుంటాయి." నేను రెండో తరగతిలో విరగ్గొట్టిన పలక, అమ్మ ఎప్పుడో మాడ్చిన పప్పు, అన్నీ తేదీలతో సహా ఆయన దగ్గర ఉండేవి. ఏ చిన్న తప్పు చేసినా పాతవన్నీ వరసగా లేచి వచ్చేవి. ఆయన దుర్మార్గుడు కాదు. మమ్మల్ని సరైన దారిలో నడిపించాలంటే మా తప్పులు తను మోయాలని నమ్మిన మనిషి.

ఏడో తరగతి క్రిస్మస్‌కి అమ్మ నాకు చిలకాకుపచ్చ పరికిణీ కుట్టించింది, ఎర్ర అంచుతో. ముందురోజు కార్యక్రమంలో కంఠతా వాక్యం చెప్పడానికి నిలబడి, సగంలో తడబడి, దిగిపోయాను. హెడ్మాస్టరుగారి అమ్మాయి తడబడింది! మర్నాడు పొద్దున్న నాన్నగారు ఆ పరికిణీ బీరువాలో పెట్టేసి, నన్ను స్కూలు యూనిఫారంలో చర్చికి తీసుకెళ్ళారు. కాంపౌండు మొత్తం కొత్తబట్టల్లో ఉంటే నేనొక్కదాన్నే నీలం లంగా, తెల్లజాకెట్టుతో ముందు వరసలో కూర్చున్నాను. మెట్ల దగ్గర మేట్రనమ్మగారు నన్ను ఆపి మూతి తుడిచారు. మూతికేమీ అంటుకోలేదు. తుడుస్తూ తుడుస్తూ కళ్ళదాకా తుడిచారు. ఆ సాయంత్రమే నాన్నగారు బీరువా తెరిచి పరికిణీ ఇచ్చేశారు కానీ నేను దాన్ని ఎప్పుడూ కట్టుకోలేదు. చివరికి అమ్మ దాన్ని దిండు గలీబులు కుట్టేసింది.

తొమ్మిదో తరగతిలోనే, నన్ను సంఘంలో పూర్తి సభ్యురాలిగా చేర్చుకునే ముందు చెప్పే కన్‌ఫర్మేషన్ క్లాసులు మొదలయ్యాయి. చెప్పేది నాన్నగారే. కొత్త నిబంధన అంటే ఏమిటో సొంతమాటల్లో చెప్పమన్నారు. నాకు సొంతమాటలు లేవు. బోర్డింగు వరండాలో మేట్రనమ్మగారు చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతుంటే పోయి పక్కన కూర్చున్నాను.

"కొత్త నిబంధన అంటే ఏంటండీ?"

"మీ నాన్నగారేం చెప్పారు?"

"బైబిల్లో రెండో సగం అన్నారండి."

"అదీ నిజవే" అని, ఒక రాయి ఏరి పక్కన పడేశారు. "పాతదానికి, ఆ పది ఆజ్ఞలకి, రాతిపలకలు కావలసొచ్చినయ్యమ్మా. పలక బయటుంటది. బయటున్నదాన్ని కాస్త పక్కకి జరిపేసి మనకి నచ్చింది చేసుకోవచ్చు. ఇలాక్కాదు, ఈసారి వీళ్ళ లోపలే రాసేస్తాను అన్నాడు దేవుడు. లోపలున్నదాన్ని ఎక్కడికి జరుపుతావ్ నువ్వు?"

నేను ఎక్కడికీ జరపలేనని ఒప్పుకున్నాను.

"ఇంకో మాట కూడా అన్నాడు. మీ నాన్నగారు అక్కడిదాకా చెప్పారో లేదో. వీళ్ళ తప్పులు ఇంక గుర్తుపెట్టుకోను అన్నాడు. అంతటివాడే మర్చిపోతానంటే, మనవేంటమ్మా మూటలు కట్టుకుని కూర్చోడం?"

"దేవుడికి మరుపెలా వస్తుందండీ? అన్నీ తెలుసు కదా?"

ఆవిడ చేట ఒళ్ళోంచి దించారు. "తెలీకపోడం కాదే పిచ్చిమొకవా. మళ్ళీ ఎత్తకపోడం. ఎత్తాలని నాలిక చివరిదాకా వస్తది చూడు, అప్పుడు మింగెయ్యడం. అది లోపల రాసుంటేగానీ అవదు."

ఆ జవాబే క్లాసులో చెప్పాను. నాన్నగారు మొదటి సగానికి తలూపి, రెండో సగానికి "అది పాఠంలో లేదు" అన్నారు.

ఆ ఏడాది చివర్లోనే సత్యవతి గొడవ వచ్చింది.

మా సంఘంలో ఆడవాళ్ళకు ఒక అలవాటు. అన్నం వండడానికి బియ్యం కొలుచుకున్నాక, కడిగే ముందు అందులోంచి ఒక గుప్పెడు తీసి వేరే కుండలో పోస్తారు. అది దేవుడి బియ్యం. కోత పండుగనాడు చర్చికి తెచ్చి వేలం వేస్తారు, గుమ్మడికాయలూ కోళ్ళూ అరటిగెలలతో పాటు. వచ్చింది సంఘానికి. బోర్డింగులోనూ వంటింటి గడప పక్కన దేవుడి కుండ ఉండేది. పిల్లలు వంతులవారీగా గుప్పెడు పోసేవారు. కోత పండుగలో మొదటి పాట బోర్డింగు కుండదే. దాన్ని పైకెత్తి పాట మొదలుపెట్టేది నాన్నగారే. క్రిస్మస్ ముందు ఆదివారం ఆ పండుగ.

సత్యవతిది ఉప్పాడ వైపు. చేపలుపట్టే కుటుంబం. సముద్రం ఇల్లు లాగేసుకున్నాక వాళ్ళు ఇటు వలస వచ్చి, మా సంఘంలో చేరి ఏడాది కాలేదు. అన్నవరం స్వామికి మొక్కుకుంటే పుట్టిన పిల్ల అని ఆ పేరు పెట్టారట. పేరు మార్చాలని నాన్నగారు అంటే, "పేరులోనే సత్యం ఉంది కదండీ, మార్చి ఏం పెడతాం?" అన్నారు మేట్రనమ్మగారు. బోర్డింగులో చోటు దొరక్కపోతే ఆ పిల్ల రొయ్యల షెడ్డులో తలలు వలిచే పనికి పోవాల్సిందే. వాళ్ళక్క అప్పటికే పోతోంది. వేళ్ళు ఎప్పుడూ ఒరిసిపోయి ఉండేవి.

ధనుర్మాసం మొదలైంది. తెల్లవారుతుండగా హరిదాసు ఒకాయన కాలువ గట్టు మీదుగా చిడతలు వాయిస్తూ వెళ్ళేవాడు. మా గేటు దగ్గర ఎప్పుడూ ఆగలేదు, మనవాళ్ళు కారని ఆయనకూ తెలుసు. ఆ రోజు వంటింటి వంతు సత్యవతిది. చిడతల చప్పుడు వినగానే దేవుడి కుండ ఎత్తుకుని గేటు దగ్గరికి పరిగెత్తింది. ఆయన తల మీద రాగి పాత్ర దించకూడదు కదా, అలవాటు ప్రకారం మోకాలి మీద వంగాడు. ఈ పిల్ల గుప్పెడు పోయలేదు. కుండ వంచేసింది. పాత్ర నిండి పొర్లితే ఆయన బిత్తరపోయి ఉత్తరీయం పరిచాడు. అందులోకి మిగతాది కూడా పోసి, ఖాళీ కుండ తెచ్చి గడప పక్కన బోర్లించింది.

నాన్నగారు సత్యవతిని పిలిచి అడిగారు. నేను అక్కడే ఉన్నాను.

"దేవుడి బియ్యం ఎందుకిచ్చేశావ్?"

"దేవుడి బియ్యం కదండీ" అంది, ఆయనకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు. "దేవుడి పేరు చెప్పుకుంటా వచ్చేవోళ్ళకే ఇవ్వాలని మా మామ్మ చెప్పిందండి. రోజూ పోస్తన్నాం, ఇన్నాళ్ళూ ఎవరూ రారేంటా అని చూస్తన్నానండి."

"దొంగిలించకూడదన్న ఆజ్ఞ తెలుసా నీకు?"

"ఆయ్, తెలుసండి. అందుకే నేను ఒక్క గింజ కూడా తీసుకోలేదండి."

పండుగ ఇంకో నాలుగు రోజుల్లో ఉందనగా మా ఇంటి హాల్లో కమిటీ కూర్చుంది. నాన్నగారు, పాస్టరు అయ్యగారు, మరో ఇద్దరు పెద్దలు. మేట్రనమ్మగారు కుర్చీ అంచు మీద కూర్చున్నారు. నేనూ అమ్మా లోపలి గదిలో చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. ఒలుస్తున్నామన్న మాటేగానీ ఇద్దరి చెవులూ హాల్లోనే ఉన్నాయి.

"ఆ పిల్లకి లోపల ఇంకా పాత అలవాట్లే ఉన్నాయి" అన్నారు నాన్నగారు. "పంపించేద్దాం. లేకపోతే మిగతా పిల్లలకు ఏం చెబుతాం?"

"లోపల ఇవ్వడం ఉందండి ఆ పిల్లకి" అన్నారు మేట్రనమ్మగారు. "ఎవరికివ్వాలో మనం చెప్పలేదు. చెప్పకపోడం నా తప్పండి."

"తనది కానిది ఇవ్వడం కూడా తప్పే కదండీ?"

"తప్పేనండి. పండగదాకా కుండలో గుప్పెడు రెండు గుప్పెళ్ళు చేసి పోయిస్తాను. ఆ పిల్ల తన ముద్దలోంచి పోస్తానంది. ఎల్లగొడితే షెడ్డుకి పంపుతారండి. మళ్ళీ చదువన్నది ఉండదు."

అయ్యగారు కుర్రవాడు, కొత్తగా వచ్చినవాడు. నాన్నగారి వైపు చూశారు. నాన్నగారు గొంతు పెంచారు. ఆ గొంతు మాకు తెలుసు, దాని తరువాత ఎవరూ మాట్లాడరు.

"మేట్రన్ గారూ, మీరు ఇంత కాలంగా ఈ కాంపౌండులో ఉన్నారు. ఇక్కడి సంగతులన్నీ మీకు తెలుసు. దేవుడి కుండలో చెయ్యిపెట్టిన పిల్లల్ని ఎవరినైనా, ఎప్పుడైనా ఉంచారా? ఒక్కళ్ళని చెప్పండి, ఈ పిల్లనీ ఉంచుదాం."

నేను తలుపు సందులోంచి చూశాను. ఆవిడ నాన్నగారిని చూస్తున్నారు, భోజనాల దగ్గర మమ్మల్ని చూసినట్టు. ఎప్పుడూ "హెడ్మాస్టరు గారూ" అని పిలిచే మనిషి, ఆ రోజు మెల్లగా అన్నారు:

"నాకు గుర్తులేదు బాబూ."

నాన్నగారు కండువా కొసతో మూతి తుడుచుకున్నారు. టీలు ఇంకా ఇవ్వలేదు. ఆయన ఏమీ తినలేదు, తాగలేదు. నాకు అది వింతగా అనిపించి అమ్మ వైపు చూశాను. అమ్మ కూడా చూసింది.

అప్పుడు నాన్నగారు, "అయ్యగారూ, మీరే చెప్పండి" అన్నారు. ఆయన అలా అనడం నేను వినడం అదే మొదలు. అయ్యగారు తత్తరపడి, "ఉండనిద్దామండి" అన్నారు. సత్యవతి ఉండిపోయింది.

కోత పండుగనాడు బోర్డింగు కుండలో అడుగున కాసిని బియ్యమే ఉన్నాయి. నాన్నగారు ఎప్పటిలాగే పైకెత్తి, పాట మొదలుపెట్టి, ఎవరినీ పాడనివ్వకుండా తనే పాడేసుకున్నారు. "ఇంట్లో బియ్యం లేవా? ఈ గుప్పెడు బియ్యానికి ఇంత పాటా?" అని అమ్మ సాధించింది. ఆయన ఆ బియ్యమే వండించుకుని, కూర కూడా అడగకుండా తిన్నారు. తరువాత ఒకరోజు భోజనాల హాల్లోకి వచ్చారు. బోర్డు మీంచి ఉల్లిపాయల జడ ఒకటి జారి కింద పడి ఉంది. ఆయన వంగి దాన్ని తీసి, దుమ్ము దులిపి, మళ్ళీ ఆజ్ఞల మీదే తగిలించి వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి మా నాన్నగారు మారిపోయారని రాస్తే అబద్ధం. చాలాకాలం "నాకన్నీ..." అని మొదలుపెట్టి ఆగేవారు. ఆగినప్పుడల్లా మాకు మధ్యలో ఒక ఖాళీ దొరికేది, మేం అందులో ఊపిరి పీల్చుకునేవాళ్ళం. నేను ఇంటర్‌లో లెక్కలు తప్పినప్పుడు ఆ ఖాళీ ఇంకాస్త పెద్దదైంది. ఆయన "మళ్ళీ రాద్దువుగానిలే" అన్నారు. నా బతుకులో నేను అందుకున్న మంచిమాటల్లో అదొకటి. అది నాకు ఎవరు తెచ్చి ఇచ్చారో అప్పుడే నాకు లీలగా తెలుసు. ఎలా తెచ్చారో తెలియలేదు, మొన్నటిదాకా.

బస్సు దిగి కాంపౌండుకు వెళ్ళేసరికి చర్చి నిండిపోయింది. ఎక్కడెక్కడి నుంచో ఆడవాళ్ళు, పిల్లల్ని చంకనేసుకుని, మూతులు తుడిచించుకున్నవాళ్ళందరూ. సత్యవతి కాకినాడ నుంచి వచ్చింది. ఇప్పుడు అక్కడ ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ నుంచి తిన్నగా వచ్చేసినట్టుంది, జడ కూడా సరిగా లేదు. పెట్టెలో మేట్రనమ్మగారు చాలా చిన్నగా ఉన్నారు. బొడ్లో ఎవరో చేతిగుడ్డ మడతపెట్టి ఉంచారు. ఆ గుడ్డ చూశాక నేను ఏడుపు ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

నాన్నగారిని మాట్లాడమన్నారు. కర్ర సాయంతో లేచారు. ఆయన మాట్లాడితే మూడు అంశాలుంటాయని అందరికీ తెలుసు కనుక సర్దుకుని కూర్చున్నారు.

"నేను ఎక్కువ చెప్పను. ఈ కాంపౌండులో మగపిల్లల బోర్డింగు ఉన్నప్పుడు నేను అందులో ఉండేవాణ్ణి. దేవుడి కుండలో బియ్యం తీసి, గేటు బయట నువ్వుల జీళ్ళు అమ్మేవాడికి పోసి, జీళ్ళు కొనుక్కుని తినేవాణ్ణి. ఒకసారి కాదు. పండగ వచ్చేసరికి కుండ వెలితైంది. పెద్దలు అందరినీ వరసలో నిలబెట్టారు. ఎవరో తేలితే ఆ పూటే ఇంటికి పంపేస్తామన్నారు. నాకు వెళ్ళడానికి ఇల్లు కూడా సరిగ్గా లేదు. ఈవిడ వంటింట్లో కొత్తగా చేరారు. పెద్దలు వచ్చేలోపు వరసలో ఒక్కొక్కరి మూతీ తుడుచుకుంటూ వచ్చారు. నా మూతి మీద నువ్వుగింజలున్నాయి."

ఆయన చెయ్యి కండువా కోసం వెళ్ళింది, మళ్ళీ దించేశారు.

"ఆవిడ చూశారు. తుడిచేశారు. కుండ నింపే పూచీ నాదండీ అని పెద్దలకు చెప్పి, పండగదాకా రాత్రిపూట తన అన్నం మానేసి ఆ బియ్యం కుండలో పోశారు. తరువాత నేను పెద్దవాణ్ణయ్యాను. ఆవిడ మీద పెత్తనం చేశాను. ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తాల్సిన రోజు ఒకటి వచ్చింది, నేనే నోరు తెరిచి అడిగాను, ఎవరినైనా ఉంచారా అని. అప్పుడూ ఎత్తలేదు."

ఆడవాళ్ళ వరసలో సత్యవతి తలెత్తి ఆయన్నే చూస్తోంది.

"పోయిన వారం ఒంట్లో బాగాలేదంటే వెళ్ళాను. తెలివిగానే ఉన్నారు. అమ్మా, ఆ జీళ్ళ సంగతి నీకు గుర్తుంది కదూ, ఉందని ఈ ఒక్కసారి చెప్పు, నేను క్షమించమని అడగాలి కదా అన్నాను. ఆవిడ నా వైపు చూసి, 'నాకు గుర్తులేదు బాబూ. నువ్వు సన్నగా ఉండేవోడివి. ఆకలేసినా మారన్నం అడిగేవోడివి కాదు. అది గుర్తుంది' అన్నారు."

నాన్నగారు ముగింపు మాటలు ఏమీ చెప్పకుండానే కూర్చున్నారు. అయ్యగారు పాట ఎత్తమని సైగ చేశారు.

సమాధుల దొడ్లో అందరం గుప్పెడు మట్టి వేశాం. సత్యవతి వంతు వచ్చినప్పుడు పిడికిలి తెరవకుండా నిలబడిపోయింది. వెనకనుంచి ఎవరో "వెయ్యమ్మా" అన్నారు. అప్పుడు రెండు చేతులతోనూ తీసి వేసింది, ఆ రోజు కుండ వంచినట్టే.

తిరిగి వస్తుంటే నాన్నగారు నా భుజం పట్టుకుని నడిచారు. కర్ర ఉన్నా భుజం పట్టుకున్నారు. కాలువ గట్టు దగ్గరికి వచ్చాక ఆగారు.

"తల్లీ, నువ్వు ఏడో తరగతిలో ఉండగా క్రిస్మస్‌కి... ఆ చిలకాకుపచ్చ పరికిణీ..."

ఎర్ర అంచుతో సహా నా కళ్ళ ముందుకొచ్చింది. ముందు బెంచీ, నీలం లంగా, వెనకనుంచి కొత్తబట్టల గరగరలు, అన్నీ. మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"నాకు గుర్తులేదు నాన్నగారూ" అన్నాను.

ఆయన కండువా కొసతో మూతి తుడుచుకున్నారు.